నీళ్ళొద్దుగారి తంగేడు

ఆయనకున్నది ఒకే ఒక్క పిచ్చి. మొక్కకు ఎవరైనా నీళ్ళు పోస్తే చూడలేకపోయేవారు. కూరలో ఉప్పు మరిచిపోయినా ఊరుకునేవారు. తను డబ్బిచ్చి కొనుక్కున్న పేపరు పక్కింటాయన ముందు చదివేసి, గళ్ళనుడికట్టు కూడా నింపేసి పంపినా ఊరుకునేవారు. చెంబు పట్టుకుని ఎవరైనా మొక్క వైపు నాలుగడుగులు వేస్తే మాత్రం ఇంటి కప్పు లేచిపోయేలా "నీళ్ళొద్దు!" అని కేకపెట్టేవారు. లోకమంతా నీళ్ళు పోసి తోటలు పెంచుతుంటే ఆయన నీళ్ళు పొయ్యనివ్వకుండా పెంచేవారు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఆయనకూ ఉండే ఉంటుంది గానీ వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నీళ్ళొద్దుగారు.

తోటంటే పెద్ద తోటేం కాదు. గేటుకీ మెట్లకీ మధ్యనున్న ఇంత చోటు. అందులో గోడ పొడుగునా ఉన్నవన్నీ తంగేడు పొదలే. వాటికి ఎదురుగా ఒక పాత బస్సు సీటు, గేటుకు కట్టిన ఒక రబ్బరు బుడ్డి హారన్. ఆయన బస్సు నడిపి నడిపి రిటైరయిన మనిషి. ఉద్యోగం వదిలేటప్పుడు అందరూ గోడగడియారం పట్టుకెళతారు, ఆయన సీటూ హారనూ పట్టుకొచ్చారు. ఒకసారి చుట్టం ఒకాయన భోంచేసి, పంపు దాకా వెళ్ళడానికి బద్ధకించి, మెట్ల మీద నిలబడి పొద మొదట్లో చెయ్యి కడుక్కోబోయాడు. పాంయ్‌మని మోగింది హారన్. పాపం ఆయన ఎంగిలి చేత్తోనే ఊరెళ్ళిపోయాడు.

వానొస్తే ఇంకా తమాషా. పెద్దాయన గొడుగు తీసుకుని బయటికి వెళ్ళి, దాన్ని పొద మీద పట్టి, తను నిలువునా తడిసేవారు.

"ఏమండీ, వాన కూడా మీ దగ్గర పర్మిషన్ తీసుకోవాలా?" అనేది భార్య గుమ్మంలోంచి.

"ఒక పూట తాగితే ఏం కాదే. అలవాటు పడితేనే చిక్కు. తర్వాత మానిపించడం ఎవరి తరం?"

ఈ పిచ్చి ఆయనకు ఎక్కడ అంటుకుందో ఆయనే చెప్పేవారు. కొండదారిలో ఒక మలుపు దగ్గర ఆయన బస్సు రోజూ ఆగి రొప్పేది. రేడియేటర్లో నీళ్ళు పోస్తే గానీ కదిలేది కాదు. సరిగ్గా అక్కడే, బండరాయి పగుల్లో ఒక తంగేడు పొద ఉండేది. రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో కూడా అది ఒళ్ళంతా పసుపుపచ్చగా పూసి గాలికి ఊగుతూ ఉండేది. "ఇంత లావు ఇంజను గుక్కెడు నీళ్ళ కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. అదేమో ఎవర్నీ ఏమీ అడక్కుండా నవ్వుతోంది. ఇద్దర్లో ఎవరు గొప్పో మీరే చెప్పండి" అనేవారు. రేడియేటర్ నిండాక కూడా ఆయన ఆ పూలవంక చూస్తూ నిలబడిపోతే, ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి అరిచేవారట. ఆఖరి ట్రిప్పులో ఆ పొద కాయలు కోసి జేబులో వేసుకొచ్చారు. ఈ తోటంతా ఆ జేబులోంచి వచ్చిందే.

మధ్యాహ్నం పూట బస్సు సీట్లో కూర్చుని పొదలవంక చూస్తుంటే ఆయనకు కళ్ళు మూతలు పడేవి. మూతపడగానే బస్సు కదిలేది. చేతులు గాల్లోనే స్టీరింగు తిప్పేవి, కుడికాలు బ్రేకు తొక్కేది. ఆ సమయంలో ఎవరైనా ఎదురుగా వస్తే ఆయన కళ్ళు తెరవకుండానే "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే" అనేవారు. గాలికి రాలిన రేకులు ఆయన బట్టతల మీద పడుతుంటే ఆ ముఖంలో ఎంత హాయి కనిపించేదంటే, కోపంగా వచ్చినవాళ్ళు కూడా వచ్చిన పని మరిచిపోయి కాసేపు నిలబడి వెళ్ళేవారు.

ఇలాంటి ఇంటికి కోడలొచ్చింది. ఆ పిల్లది ఇంకో రకం బాధ. తన హస్తవాసి మంచిది కాదని ఆమె గట్టి నమ్మకం. చిన్నప్పుడు గులాబీ నాటితే ముల్లు కూడా మిగల్లేదు. బీరగింజ పాతితే చీమలు పట్టుకుపోయాయి. ఎడారిలో బతికే ముళ్ళమొక్కని తెచ్చి కిటికీలో పెడితే అది కూడా మెత్తబడి, ఒకపక్కకు ఒరిగి, కన్నుమూసింది. "నువ్వు ముట్టుకోకే తల్లీ, కాగితం పువ్వు కూడా వాడిపోతుంది" అని వాళ్ళమ్మ నవ్వుతూ అన్న మాట ఆ పిల్ల నవ్వుతూ వినలేదు. మనసులో పెట్టుకుంది.

నవ్వులాట వరకైతే ఫర్వాలేదు. ఆమె ఒక బడి ఆఫీసులో గుమాస్తా. ఆ బడిలోనే ఒక మూల పసిపిల్లల గది ఉండేది. మార్కెట్లో కూరలమ్మేవాళ్ళూ మిల్లులో పనిచేసేవాళ్ళూ పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి పనికి పోయేవారు. ఆ గది చూసుకునే పెద్ద టీచరమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఎందర్ని అడిగినా ఆ ఏడుపులూ చీమిడిముక్కులూ మావల్ల కాదన్నారు. పిల్లలు మాత్రం గది దాటి, పాక్కుంటూ వచ్చి, గుమాస్తా కుర్చీ కోళ్ళు పట్టుకుని లేచి నిలబడేవారు.

"చూశావా, వాళ్ళే వెతుక్కుని నీ దగ్గరికి వస్తున్నారు. ఆ గది నువ్వు తీసుకోమ్మా" అంది టీచరమ్మ. "సెలవులయ్యాక బడి తెరిచేలోగా చెప్పు. నువ్వు కాదంటే ఇంక ఆ గదికి తాళమే."

కోడలికి ఒప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా ఆలోచించి చెబుతానంది. ఇంటికొచ్చి అత్తగారి దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పేసింది.

"మొక్కనే బతికించలేనిదాన్ని అత్తయ్యా. పసిపిల్లల్ని నా చేతుల్లో ఎలా పెడతారు?"

"మొక్కలకీ పిల్లలకీ సంబంధం ఏంటే? పిల్లలు ఆకలేస్తే ఏడుస్తారు, మొక్కలు ఏడవ్వు. అంతే తేడా."

"అది కాదు. ఒక్కటంటే ఒక్క మొక్క నా చేత్తో నాటింది పువ్వు పూస్తే ఒప్పుకుంటాను. లేకపోతే లేదు."

బయట సీట్లో బస్సు నడుపుతున్న పెద్దాయన చేతులు స్టీరింగు మీద ఒక్క క్షణం ఆగాయి. ఆ సంగతి చిక్కుడుకాయల హడావుడిలో ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన మేడ మీదినుంచి మోకాలెత్తు తంగేడు మొక్కని డబ్బాతో సహా దించుకొచ్చారు.

"అమ్మాయ్, ఇది నీది. మెట్ల పక్కన నాటు."

"మామయ్యగారూ, నాకొద్దండీ. పాపం అది బాగుంది."

"బండి నేర్చుకునేవాళ్ళకి ఖాళీ మైదానం ఇస్తాం చూడు, తంగేడు అలాంటిది. ఎంత వంకరగా నడిపినా గుద్దుకోదు. నాటు."

ఆమె గుంటలో మొక్కని పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో అదిమింది. తన మొక్కని తెలియడానికి చిన్నప్పటి నీలం జడరిబ్బను తెచ్చి కాండానికి పువ్వుముడి వేసింది. పెద్దాయన వీధంతా వినబడేటట్టు ప్రకటించారు. "అందరూ వినండి! దీనికి చుక్క నీళ్ళు పొయ్యడానికి వీల్లేదు. నాటిన ఈ పూట ఒక్క చెంబు, అంతే. ఆ తర్వాత నీళ్ళొద్దు! పొయ్యద్దన్నది నేను. రేపు దీనికేమైనా అయితే తప్పు నాది, అమ్మాయిది కాదు. తెలిసిందా?"

"తెలిసింది" అన్నారు అందరూ. ఇంటిల్లిపాదీ ఇంత ముక్తకంఠంతో ఒప్పుకుంటే అందులో ఏదో మోసం ఉన్నట్టే.

కోడలికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎండలు మండిపోతున్నాయి. మనుషులే కుండ దగ్గరినుంచి కదలడం లేదు. లేత ఆకులేసుకుని ఆ పిల్లమొక్క అలా నిలబడి ఉంటే ఎవరి ప్రాణం ఒప్పుతుంది? పొద్దున్న మామగారు స్నానానికి వెళ్ళిన సందు చూసి, మగ్గు తువ్వాలు కింద దాచి తీసుకెళ్ళి, మొదట్లో గుమ్మరించింది. మొక్క 'అమ్మయ్య' అన్నట్టు అనిపించింది. అప్పటినుంచి అది అలవాటయింది.

అత్తగారి ఆలోచన వేరు. కోడలు పాపం భయంతో నీళ్ళు పొయ్యదు, ఆయన పొయ్యనివ్వడు, మధ్యలో మొక్క గతేం కాను? రోజూ కూరలు కడిగిన నీళ్ళు వంటింటి కిటికీలోంచి దాని మీదికి ఒంపేది. అవి కడుగు నీళ్ళు గానీ నీళ్ళు కావుగదా, మాట తప్పినట్టు కాదని ఆమె లెక్క.

కొడుకు నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈ ఒక్క రహస్యం మాత్రం కడుపులో దాచుకున్నాడు. పెళ్ళాం నాటిన మొక్క ఎండిపోతే తనకే కదా తిప్పలు. ఏడాదికోసారి కూడా తుడవని మోటారుసైకిల్ని రోజూ మెట్ల పక్కన నిలిపి బకెట్లకొద్దీ నీళ్ళతో కడగడం మొదలెట్టాడు. పక్కింటి క్యాషియర్‌గారు గోడ అవతల తన మొక్కలకు పైపు పట్టేవారు. పిచ్చాయన చేతిలో పడిన మొక్క మీద ఆయనకూ జాలేసి, పైపు కొస కాస్త ఇవతలికి వంచేవారు.

ఇలా ఎవరికి వారు ఆ మొక్క మీద జాలిపడేది తామొక్కరే అనుకున్నారు. నలుగురి జాలిలో తంగేడు పీకల్లోతు మునిగింది.

ఒక సాయంత్రం కోడలు పనినుంచి వచ్చేసరికి మొక్క పసుపుపచ్చగా ఉంది. పూలు కావు, ఆకులు. చెయ్యి తగిలితే గుప్పెడు రాలాయి. ఆమె మెట్ల మీద చతికిలబడిపోయింది. ఇంక రేపు వెళ్ళి టీచరమ్మకు చెప్పేయడమే, వేరే మనిషిని చూసుకోండి అని. పొద్దు వాలింది. గోడవారనున్న పెద్ద పొదలు అలవాటు ప్రకారం ఆకులు ముడుచుకుని నిద్రకు పడ్డాయి. ఆమెకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున కలలో ఎవరో మెల్లగా మట్టి తవ్వుతున్నట్టు, 'రైట్, రైట్' అని గొణుగుతున్నట్టు వినిపించింది.

లేచి బయటికి వస్తే, ఏం చెప్పాలి! మొక్క పచ్చగా, నిటారుగా, నిన్న ఏమీ జరగనట్టు నిలబడి ఉంది.

"మామయ్యగారూ! నిన్న సాయంత్రం ఇది చచ్చిపోయిందండీ!"

"చచ్చిపోయిందా? ఎవరు చెప్పారు? రాత్రి గేరు మార్చుకుని ఉంటుంది."

"కొంచెం పొట్టిగా కనబడటం లేదూ?"

"నిద్రలేచిన కొత్తలో నేను కూడా పొట్టిగానే ఉంటాను. టీ తాగాక సర్దుకుంటాను."

"నిన్న ఆ కొమ్మ గేటు వైపు ఉండేది. ఇవాళ గోడ వైపు తిరిగింది."

"నిద్రలో మనం ఒత్తిగిల్లమూ? అదీ అంతే" అని ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

కోడలికి ఇంకో అనుమానం కూడా వచ్చింది. రిబ్బను కొసలు గాల్లో ఎగిరేంత పొడుగుండేవి, ఇప్పుడు ముడి మాత్రం ఉంది. అడిగితే "ఎండకు చెక్క తలుపులే కుంచించుకుపోతాయమ్మా, రిబ్బనెంత" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా ఆమెకు నమ్మాలనే ఉంది. నమ్మింది. తన చెయ్యి పడిన మొక్క ఒకటి చచ్చి బతికిందన్న ఆనందంలో ఆ రోజు ఒక మగ్గు ఎక్కువ పోసింది.

చెప్పేదేముంది, కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. సాయంత్రం ఆకులు పసుపెక్కడం, ఆమె కళ్ళు తడవడం, కలలో ఎవరో మట్టి తవ్వడం, పొద్దున్నకల్లా మొక్క కళకళలాడడం. ఈసారి రిబ్బను ముడి కూడా పోయి చిన్న పీలిక మిగిలింది. మొక్క మరో రెండు ఆకులు పొట్టిదయింది. ఇలా రోజురోజుకీ వెనక్కి పెరిగే మొక్కని ఆమె లోకంలో ఎక్కడా చూడలేదు.

గుట్టు రట్టయింది క్షవరం రోజున. పెద్దాయన క్షవరానికి వెళితే మంగలితో మాట్లాడి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందని ఇంట్లో అందరికీ ధీమా. ఆయన వీధి మలుపు తిరగ్గానే కోడలు మగ్గుతో మెట్లు దిగింది. అదే క్షణంలో అత్తగారు గిన్నెతో ఆ పక్కనుంచి వచ్చింది. కొడుకు బకెట్టుతో ఈ పక్కనుంచి తగిలాడు. గోడ మీదినుంచి పైపు కొస లేచింది, దాని వెనక క్యాషియర్‌గారి తల లేచింది. నలుగురూ మొక్క చుట్టూ నిలబడి ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకున్నారు.

పాంయ్!

గేటు దగ్గర పెద్దాయన. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ. మెడకు మంగలి గుడ్డ. సగం గడ్డంతో లేచి వచ్చేశారన్నమాట.

"ఇంతమంది ప్యాసింజర్లా!" అన్నారు. "ఒక్క సీటు బండికి ఇంతమంది ఎక్కితే ఇంకెక్కడ కదుల్తుంది?"

"నాన్నా, నేను బండి కడుక్కుందామని..."

"కడుక్కో నాయనా. రోజూ కడిగి కడిగి ట్యాంకు మీద పేరు కూడా చెరిపేశావు."

"నావి కడుగు నీళ్ళండీ" అంది భార్య.

"మొక్కకి ఆ తేడా తెలీదే."

క్యాషియర్‌గారు పైపుతో సహా గోడ వెనక్కి దిగిపోయారు. కోడలు ఒక్కతే తలొంచుకుని నిలబడింది. మగ్గులోంచి నీళ్ళు ఆమె పాదాల మీద పడుతున్నాయి. ఆయన దగ్గరికొచ్చి ఆ మగ్గు అందుకుని, ఆ నీళ్ళతో తన చెంప మీది సబ్బు కడుక్కున్నారు.

"కోప్పడండి మామయ్యగారూ."

"ఎందుకమ్మా? ఈ ఇంట్లో మనుషులకి జాలి ఎక్కువని నాకు ముందే తెలుసు. నీళ్ళొద్దని నేను అంత గట్టిగా అరవకపోతే మీకంత జాలి వేసేదీ కాదు. తప్పు నా హారన్‌ది" అని మళ్ళీ మంగలి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచి నీళ్ళు బంద్. మొక్క కుదురుకుంది. కొత్త ఆకులేసింది, ఒళ్ళు చేసింది. కానీ పువ్వు? ఊహూఁ. సెలవులు కరిగిపోతున్నాయి. ఆమె రోజూ పొద్దున్నే వంగి కొమ్మల చివళ్ళు వెతికేది. గోడవారన పాత పొదలు పూసి పూసి, రేకులన్నీ రాల్చుకుని కాయలు కట్టేశాయి. ఇది మాత్రం మొగ్గ మాటే ఎత్తడం లేదు. పెద్దాయన కూడా దాని ముందు గొంతుక్కూచుని "పోనీ ఒక్కటి పూయరాదుటే, స్టార్టింగ్ ట్రబులా?" అని బతిమాలడం ఆమె కిటికీలోంచి చూసింది.

బడి తెరవడానికి ముందురోజు టీచరమ్మ కబురు పంపింది. సాయంత్రం వస్తాను, అవునో కాదో చెప్పు అని. కోడలు మొక్క దగ్గరికి వెళ్ళి చూసింది. అన్నీ ఆకులే. సరే, కాదనే చెప్పాలి. ఏడుపొస్తుంటే ఎవరికీ కనబడకుండా దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేయడానికి వెళ్ళింది. ఆ పని మామూలుగా పెద్దాయనది. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక కందిరీగలు గూడు పెట్టాయని, ఎవరూ రావద్దని ఆయన హెచ్చరిక. ఆరేసిన బట్టలు కూడా తనే దించుకొచ్చేవారు. ఇవాళ ఆయన నిద్రలో బస్సు నడుపుతున్నారు.

పైన ఎండ పల్చగా, కలలోలా ఉంది. తెల్ల దుప్పటి తీగ మీద వేసి చివర్లు సర్దుతుంటే గాలి వీచింది. దుప్పటి తెరచాపలా పొంగి మళ్ళీ మెల్లగా దిగింది. దాని మీద పసుపుపచ్చటి రేకులు. ఒకటి, ఇంకోటి, మరి రెండు. కింద పొదల్లో పువ్వన్నది లేదు. మరి ఇవి ఎక్కడినుంచి? గాలి వచ్చిన వైపు చూసింది. ట్యాంకు.

కందిరీగల సంగతి మరిచిపోయి వెనక్కి వెళ్ళింది. కందిరీగలు లేవు. నూనె డబ్బాలు వరసగా ఉన్నాయి. డబ్బా డబ్బాలో ఒక తంగేడు, ఒకదాని కన్నా ఒకటి రెండాకులు పొట్టిగా. చివర ఉన్న దాని కొమ్మలు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఆ కత్తిరించిన ప్రతిచోటునుంచీ కొత్త రెమ్మ వచ్చింది, రెమ్మ రెమ్మకీ పువ్వుల గుత్తి. తేనెటీగలు దాని చుట్టూ తీరుబడిగా తిరుగుతున్నాయి. కాండానికి నీలం రిబ్బను, రెండు కొసలూ గాల్లో ఎగురుతున్నాయి. పక్క డబ్బాలో ఇంకో కత్తిరించిన మొక్క, దానికో నీలం ముడి. రిబ్బను ఎండకు కుంచించుకుపోలేదు. మూడు ముక్కలయింది.

వెనక మెట్ల మీద రొప్పు వినిపించింది. పెద్దాయన వచ్చారు. కోడల్ని చూశారు, పువ్వుల్ని చూశారు, దొరికిపోయిన పిల్లాడిలా తల గోక్కున్నారు.

"కందిరీగలు ఇవాళ సెలవు పెట్టినట్టున్నాయి" అన్నారు.

"ఇవన్నీ ఏంటి మామయ్యగారూ?"

"స్టెప్నీలమ్మా. బస్సుకి ఒక టైరు అదనంగా ఉండదూ? దారిలో ఏది పంక్చరైనా ప్యాసింజర్లు దిగి నడవక్కర్లేకుండా. టైరు మార్చడం డ్రైవరు పని. లోపల నిద్రపోయేవాళ్ళని లేపకూడదు."

"అంటే నేను నాటింది చచ్చిపోయింది. మీరు వేరేవి పెట్టారు. నేను అనుకున్నదే నిజం."

"చచ్చిపోతే అదేంటి మరి?" అని ఆయన పూలగుత్తి వైపు వేలు చూపించారు. "అదే నువ్వు నాటింది. మొట్టమొదటిది. నీ రిబ్బను నీకు తెలీదా?"

"బతికించింది మీరు."

"నేనా? ఒట్టు. కుళ్ళిన కొసలు కత్తిరించి, పొడి ఇసకలో దింపి, ఇక్కడ పెట్టాను. ఆ తర్వాత నేను చేసిందల్లా నీళ్ళు పొయ్యకపోవడమే. అమ్మాయ్, దానికి నీ చెయ్యి పడలేదని కాదు జబ్బు చేసింది, నలుగురి చేతులు పడి చేసింది. పడుకుంది, లేచింది. కింద ఉన్న మొద్దు వెధవ నేను పెంచింది. ఎంత బతిమాలినా పూసిందా? నాకేం తెలుసు నువ్వు పోయిందనుకున్నదే పూస్తుందని. ఇవాళ సాయంత్రంలోగా దీన్ని కిందకి దింపి, నీకు తెలీకుండా మార్చేద్దామనే వచ్చాను."

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆయన కంగారుపడి "ఇదుగో, నీళ్ళొద్దు, నీళ్ళొద్దు! మొక్కకి దూరంగా!" అన్నారు. దాంతో నవ్వే గెలిచింది.

అప్పుడు కనిపించింది ఆమెకు, గోడవారగా ఇంకో డబ్బాల వరస. వాటికి నీలం రిబ్బను లేదు. ఒకదానికి ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. అది క్యాషియర్‌గారు తన మొక్కకు గుర్తుగా వేసుకున్నది. ఆయన రోజూ గోడ మీదినుంచి తన తంగేడు చూపించి "చూశారా, మన హస్తవాసి!" అని మీసం దువ్వే మనిషి. ఇంకోదానికి మంగలి షాపు గుడ్డపీలిక. మరోదానికి ఒక బూటు లేసు. వీధిలో ఆయన దగ్గర మొక్క పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళకూ మేడ మీద ఒక స్టెప్నీ ఉంది.

"వాళ్ళెవరికీ చెప్పకమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి. "క్యాషియర్‌గారిది ఇది నాలుగోది. ఆయనకి తెలిస్తే మీసం కిందికి దిగిపోతుంది."

కింద వంటింట్లో అత్తగారికి అంతా తెలిసే ఉంది. తెల్లవారుజామున గునపం అందించేది ఆవిడే. తన కడుగు నీళ్ళకీ మొక్క జబ్బుకీ సంబంధం ఉందని మాత్రం క్షవరం రోజు దాకా ఆవిడకు తట్టలేదు. "ఇంకా నయం, ఇప్పటికైనా చూశావు. ఆ డబ్బాలు మోయించి మోయించి నా నడుం పడిపోయింది" అంది. తర్వాత కోడలి గడ్డం పట్టుకుని, "ఆయన నీళ్ళొద్దని ఊరంతా వినేలా అరిచేది ఎందుకనుకున్నావు? మొక్క కోసం కొంత. రేపు అది పోయినా 'నేనే వద్దన్నాను, తప్పు నాదే' అని మీద వేసుకోవడానికి కొంత. వీధిలో ఏ మొక్క పోయినా తిట్లు ఆయనకే. నాటినవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనరు. ఆ పిచ్చి వెనక అంత తెలివుంది మీ మామగారికి" అంది.

సాయంత్రం టీచరమ్మ కర్ర ఊతంతో గేటు తోసుకుని వచ్చేసరికి మెట్ల పక్కన పసుపుపచ్చటి పొద ఒకటి డబ్బాలో కూర్చుని ఉంది. దాని పక్కన కోడలు నిలబడి ఉంది. "వస్తానండీ" అంది, ఆవిడ ఇంకా అడక్కుండానే. "ఇది కూడా నాతో వస్తుంది. గది ముందు నాటుతాను."

పసిపిల్లల గది ఇప్పుడు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. మధ్యాహ్నం పిల్లలు వరసగా పడుకుంటే, కిటికీ అవతల తంగేడు గాలికి ఊగుతూ, గోడ మీద పసుపు నీడల్ని ఉయ్యాలలూపుతుంది. రిటైరయిన డ్రైవరొకాయన అప్పుడప్పుడు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని, ఒళ్ళో ఒకరిద్దరు బుల్లి ప్యాసింజర్లతో కళ్ళు మూసుకుని కొండదారి ఎక్కుతూ ఉంటారు. ఎవరైనా బుడిబుడి అడుగులతో గ్లాసు పట్టుకుని పొద వైపు బయల్దేరితే, ఆయన కళ్ళు తెరిచేలోపే లోపలినుంచి "నీళ్ళొద్దు!" అని కేక వినిపిస్తుంది. గొంతు మాత్రం ఆడగొంతు.

మొన్న ఒక పాప గుడ్డ కుందేలుని వీధికుక్క పీకి పోగులు పెట్టింది. తనే సరిగా పట్టుకోలేదని పాప సాయంత్రం దాకా వెక్కి వెక్కి ఏడ్చింది. పొద్దున్న వచ్చి చూస్తే కుందేలు అలమర మీద నిక్షేపంలా కూర్చుని ఉంది. పాప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"టీచర్, దీని చెవులు పొట్టిగా అయ్యాయేం?"

"నిద్రలో ఒత్తిగిల్లి ఉంటుందమ్మా. టీ తాగితే సర్దుకుంటుంది."

పాప కాసేపు ఆలోచించి, నమ్మి, కుందేలుని చంకలో పెట్టుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. టీచరు బీరువా తలుపు మెల్లగా మూసింది. అత్తగారు కుట్టిచ్చిన కుందేళ్ళు లోపల ఇంకా నాలుగు వరసగా కూర్చుని ఉన్నాయి.